కంటి సర్జన్ సీటు కోసం నాన్న పొలం అమ్ముతానంటున్నారు

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. ఎంబీబీఎస్ పూర్తయింది. ఎంఎస్ ఆఫ్తల్మాలజీ చేసి కంటి సర్జన్ కావాలని కోరిక. ఈసారి నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ కాలేజీలో సీటు రాదు. పొరుగు రాష్ట్రంలో ఒక ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలో వచ్చేలా ఉంది. రిటైర్డ్ టీచరైన నాన్న మాకున్న మూడెకరాల్లో ఎకరన్నర అమ్మి ఫీజు కడతానంటున్నారు. ఎరువుల దుకాణం నడిపే అన్నయ్య అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పెళ్ళి చేసేస్తే ఆ ఇంటివాళ్ళే చదివిస్తారని అమ్మ అంటోంది. నా చదువు కోసం ఇంట్లో చిచ్చు పెడుతున్నానా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: పొలం అమ్మాలా వద్దా అని మీ ఇంట్లో అందరూ తర్జనభర్జన పడుతున్నారు. ఆ డబ్బు పోసి చేరబోయే కాలేజీలో ఏం నేర్పుతారో కనుక్కున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉన్నట్టు లేరు. ముందు ఆ పని చేయండి.

ఎంఎస్ పట్టా ఏ కాలేజీలో చదివినా వస్తుంది. చేతికి పని అన్నిచోట్లా రాదు. శుక్లం ఆపరేషన్‌లో మైక్రోస్కోపు కింద కటకం మీది పొరను అయిదారు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా చింపి తీయాలని మీకు తెలుసు. ఉల్లిపొర కంటే పలుచన అది. చింపు కొంచెం పక్కకు జారిందంటే మిగతా ఆపరేషనంతా చిక్కే. మొదట మేక కళ్ళ మీద, తర్వాత సీనియర్ పక్కన కూర్చుని ఒక్కొక్క దశగా, ఆపైన పూర్తి కేసుగా చేస్తేనే అది పట్టుబడుతుంది. మూడేళ్ళూ ఓపీలో చీటీలు రాయించి, ఆపరేషన్ థియేటర్లో నిలబెట్టి చూపించి పంపేసే కాలేజీలో చేరితే పొలమూ పోతుంది, సర్జనూ కాలేరు.

అందుకే ఆ ఊరు వెళ్ళండి. డీన్ గదికి కాదు, ఉదయం ఎనిమిదింటికి కంటి విభాగం ఓపీకి. బెంచీల మీద రోగులు నిండుగా ఉన్నారా? థియేటర్ తలుపు మీది జాబితాలో ఎన్ని పేర్లున్నాయి? మూడో ఏడాది పీజీ ఒకరిని టీకి పిలిచి అడగండి: సొంత చేతులతో పూర్తి కేసులు ఎన్ని చేశారు, శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే ఫాకో మిషన్ ముట్టుకోనిస్తారా, ఊళ్ళలో శిబిరాలు పెట్టి రోగులను తీసుకొస్తారా, స్టైపెండ్ బ్యాంకులో వేసి మళ్ళీ వెనక్కి అడగరు కదా? చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ చూపించమనండి. ప్రాస్పెక్టస్‌లో దొరకని సంగతులు ఆ టీ పూర్తయ్యేలోపు తెలుస్తాయి.

డీమ్డ్ సీట్లను ఎంసీసీ (కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లోనే కేటాయిస్తారు. ‘సీటు బ్లాక్ చేస్తాం’ అంటూ ఫోన్ చేసే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి. మొదటి రౌండులో వచ్చిన సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. తర్వాత వదిలితే డిపాజిట్ పోతుంది, చివరి రౌండ్లకు వచ్చేసరికి వెనక్కి తగ్గే దారే ఉండదు. చేరాక మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కూడా ముందే చదువుకోండి.

ఎందుకో గానీ మీ ఉత్తరంలో డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ పట్టా) ప్రస్తావనే లేదు. అదీ మూడేళ్ళే, ఎంఎస్‌తో సమానమైన అర్హతే, ఫీజు డీమ్డ్ కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. రోగులు కిక్కిరిసి ఉండే కంటి ఆసుపత్రుల్లో డీఎన్‌బీ చేసినవాళ్ళకు చేతిపని బాగానే వస్తుంది. అది దొరక్కపోతే రెండేళ్ళ డిప్లొమా ఉంది, దాని మీద మరో రెండేళ్ళు డీఎన్‌బీ చేయవచ్చు. విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌కూ దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటు వస్తే యాజమాన్య కోటా ఫీజుతో పని లేదు. ఇవన్నీ చూశాకే పొలం మాట.

ఇక డబ్బు. ఎంఎస్‌తో చదువు ఆగదు. రెటీనా, కార్నియా వంటి విభాగాల్లో ఎల్వీ ప్రసాద్, అరవింద్, శంకర నేత్రాలయ లాంటి కంటి ఆసుపత్రుల్లో ఏడాదో రెండేళ్ళో ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) చేసేవాళ్ళు ఎక్కువ. అంటే మంచి సంపాదన మొదలయ్యేసరికి నాలుగైదేళ్ళు. నాన్నగారికి ఈ లెక్క ఇప్పుడే చెప్పండి. విద్యారుణం కూడా అడగవచ్చు, కానీ పెద్ద మొత్తానికి హామీ కావాలి. వ్యవసాయ భూమిని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి, ఇంటి పత్రాలు అడుగుతాయి.

అన్నయ్య మీద కోపం తెచ్చుకోకండి. ఎరువుల దుకాణమంటే సీజనంతా అరువు బేరమే, చేతిలో డబ్బు ఆడదు. చదువుకు సగం పొలం, రేపు పెళ్ళికి కట్నం పేరుతో మిగతా సగం పోతుందన్న లెక్క ఆయన మనసులో మెదిలి ఉండాలి. ఆ భయం అబద్ధమేమీ కాదు, మన ఇళ్ళలో జరిగేదే. ఆయన నోటి నుంచి రాని ఆ మాటను మీరే ఎత్తండి: ‘అన్నయ్యా, ఈ ఎకరన్నర నా వాటా. పెళ్ళికి కట్నం ఇవ్వొద్దు, నేనూ అడగను’. ఇద్దరికీ చెరిసగమైతే మూడెకరాల్లో మీ భాగం అంతే కదా! పొలం నాన్నగారి స్వార్జితమైతే నిర్ణయం ఆయనదే. పిత్రార్జితమైతే అన్నయ్యతో సమానంగా మీకూ హక్కుంది. పెళ్ళికాని ఆడపిల్లలకు మన రాష్ట్రంలో 1985 నుంచే ఆ హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతటా హిందూ కుటుంబాల్లో కూతుళ్ళందరికీ వచ్చింది. ఏదైనా సరే, లాయరు దగ్గర కుటుంబ ఒప్పందం రాయించండి. ఈ కబుర్లు అమ్మ ద్వారా పంపితే ఇంకోలా చేరతాయి. మధ్యాహ్నం దుకాణంలో బేరం లేనప్పుడు మీరే వెళ్ళి కూర్చుని మాట్లాడండి.

అమ్మ మాట మాత్రం నాకు నచ్చలేదు. ఫీజు కట్టినవాళ్ళు ఎక్కడ ప్రాక్టీసు పెట్టాలో, పిల్లలు ఎప్పుడో కూడా చెబుతారు. సంబంధాలు చూడటం ఆపక్కర్లేదు గానీ, వచ్చినవాళ్ళకు మొదటి రోజే చెప్పమనండి: అమ్మాయి మూడేళ్ళు వేరే ఊళ్ళో ఉంటుంది, రాత్రి డ్యూటీలుంటాయి, ఫీజు మా ఇంటివాళ్ళే కట్టుకుంటారు. అన్నీ విన్నాక కూడా మళ్ళీ ఫోన్ చేసిన సంబంధం గురించే ఆలోచించండి.