అడాప్టర్ కొనే ముందు: ఇర్వింగ్‌లో ఉన్న మేనకోడలికి

చిరంజీవి స్రవంతికి, మావయ్య ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నీ హ్యుందాయ్ అయోనిక్ 5 ఎలక్ట్రిక్ కారును దారిలో సూపర్‌చార్జర్ల దగ్గర, అంటే టెస్లా వాళ్ల వేగపు ఛార్జింగ్ స్టేషన్లలో, ఛార్జ్ చేసుకుందామని అడాప్టర్ ఫొటో పంపావు కదా. అది మీ ఆస్టిన్ ప్రయాణానికి పనికిరాదమ్మా. దాని ఒంటి మీద 48 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంది చూడు. అంటే అది ఏసీ అడాప్టర్, ఇళ్లలో గోడ ప్లగ్‌కు వచ్చే మామూలు కరెంటుకు. హోటళ్లలో, అపార్ట్‌మెంట్లలో గోడకు బిగించిన టెస్లా వాల్ కనెక్టర్ నుంచి రాత్రంతా మెల్లగా ఎక్కించుకోవడానికి మాత్రమే. సూపర్‌చార్జర్ ఇచ్చేది డీసీ, నేరుగా బ్యాటరీలోకి వెళ్లే కరెంటు. టెస్లా ప్లగ్‌లో ఏసీ, డీసీ రెండూ ఆ రెండు లావు పిన్నుల మీదుగానే వస్తాయి కాబట్టి ఈ చవక అడాప్టర్ సూపర్‌చార్జర్ హ్యాండిల్‌లోనూ (కేబుల్ చివర చేత్తో పట్టుకునే ప్లగ్) చక్కగా దూరుతుంది. దూరింది కదా అని పనిచేస్తుందనుకుంటారు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

హైదరాబాద్‌లో మీ నాన్న నెక్సాన్‌కి ఈ గొడవ లేదు. అక్కడ ఇప్పటి ఎలక్ట్రిక్ కార్లన్నిటికీ దాదాపు సీసీఎస్ 2 అనే ఛార్జింగ్ ప్లగ్ ఒక్కటే. అమెరికాలో వాడేది సీసీఎస్ 1, దాని ఆకారమే వేరు. కాబట్టి ఇండియా నుంచి ఎవరైనా అడాప్టర్ తెస్తామన్నా వద్దను. ఇక టెస్లా తన ప్లగ్ డిజైన్‌ను 2022 నవంబర్‌లో అందరికీ తెరిచింది. 2023లో ఫోర్డ్, జీఎం అటువైపు రాగానే మిగతా కంపెనీలూ వరస కట్టాయి. నువ్వు కొన్న 2023 అయోనిక్ 5 ఆ మార్పుకు ముందుది. ఛార్జింగ్ మూత తీస్తే పైన అయిదు పిన్నుల గుండ్రటి భాగం, కింద రెండు లావు రంధ్రాలు కనిపిస్తాయి. అదే సీసీఎస్ 1. నీకు కావలసింది టెస్లా హ్యాండిల్‌ను సీసీఎస్ 1గా మార్చే డీసీ అడాప్టర్.

కొనబోయే ముందు కారు అమ్మినవాళ్లను ఒక మాట అడుగు. 2025 జనవరి చివరిలోపు సీసీఎస్ కార్లు కొన్నవాళ్లకు హ్యుందాయ్ ఈ అడాప్టర్‌ను ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. మొదటి ఓనర్ తెప్పించుకుని గరాజ్‌లో మరిచిపోయి ఉండొచ్చు. దొరక్కపోతే డీలర్ దగ్గర హ్యుందాయ్‌దే కొను. బయటిది కొనక తప్పకపోతే యూఎల్ 2252 అనే భద్రతా సర్టిఫికెట్ ఉందో లేదో చూడు. ఆ ప్రమాణం ప్రత్యేకంగా ఈ అడాప్టర్ల కోసమే రాసింది. రేటింగ్ 500 ఆంపియర్లు, 1000 వోల్టులు ఉండాలి.

చవకది ఎందుకు వద్దంటున్నానో లెక్క చెబుతాను. సూపర్‌చార్జర్ దగ్గర నీ కారు 250 ఆంపియర్ల దాకా లాగుతుంది. అడాప్టర్ లోపల పిన్ను వదులుగా ఉండి ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం ఎక్కువైందనుకో, 250ని 250తో హెచ్చించి 0.001తో గుణిస్తే 62 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌కు ఉండేంత వేడి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా లోపల, అరగంట పాటు. మంచి అడాప్టర్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, వేడెక్కితే కరెంటు తగ్గించేస్తుంది, లేదా ఆపేస్తుంది. చవకదాంట్లో అది లేకపోతే కరిగేది నీ కారు పోర్టు, అంటే ప్లగ్ దూరే చోటు. అడాప్టర్ పోతే రెండొందల డాలర్లతో పోతుంది, పోర్టు పోతే ఆ బిల్లు వేరు.

అసలు విషయం ఇంకొకటుంది. అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుంది, అంతే. ఛార్జర్ మాట్లాడే భాషనూ, అది ఇచ్చే వోల్టేజీనీ మార్చలేదు.

భాష సంగతి ముందు చెబుతాను. పాత వీ2 (రెండో తరం) సూపర్‌చార్జర్లు టెస్లా సొంత భాషే మాట్లాడతాయి, సీసీఎస్ వాటికి రాదు. ఎంత ఖరీదైన అడాప్టర్ పెట్టినా మీ కారుతో కుదరదు. వీ3, వీ4 మాత్రమే పనిచేస్తాయి. టెస్లా యాప్‌లో ఇతర కంపెనీల కార్లకు తెరిచిన స్టేషన్లు వేరుగా చూపిస్తుంది. కారు మ్యాప్‌నో గూగుల్ మ్యాప్‌నో నమ్మి బయలుదేరకు, ఆ యాప్‌లో కనిపిస్తేనే వెళ్లు.

వోల్టేజీ విషయంలో నీ కారుది ప్రత్యేకమైన ఇబ్బంది. అయోనిక్ 5 బ్యాటరీ 800 వోల్టుల తరగతిది. వీ3 సూపర్‌చార్జర్ 500 వోల్టులకు మించి ఇవ్వలేదు. అప్పుడు కారు తన వెనక మోటారును, దాన్ని నడిపే ఇన్వర్టర్‌ను వాడుకుని ఆ వోల్టేజీని పెంచుకుంటుంది. అందువల్ల వేగం వంద కిలోవాట్ల చుట్టుపక్కలే తిరుగుతుంది. అదే కారు ఎలక్ట్రిఫై అమెరికా అనే మరో ఛార్జింగ్ కంపెనీ వాళ్ల 350 కిలోవాట్ల యంత్రం దగ్గర, అడాప్టర్ లేకుండా, 230 దాకా వెళ్తుంది. పది శాతం నుంచి ఎనభైకి పద్దెనిమిది నిమిషాలని కంపెనీ చెప్పేది ఆ యంత్రం దగ్గరే. వీ4 ఛార్జింగ్ స్తంభం కనిపించగానే వేగం వస్తుందనుకోకు. చాలాచోట్ల స్తంభం కొత్తది, వెనక నుంచి దానికి కరెంటిచ్చే క్యాబినెట్ పాత వీ3దే.

అందుకే నా సలహా, దారిలో పనిచేసే 350 యంత్రం ఉంటే ముందు అక్కడికే వెళ్లు. అక్కడ క్యూ ఉన్నా, యంత్రాలు మొరాయించినా అడాప్టర్ తియ్యి. టెస్లా స్టేషన్లలో స్టాళ్లు, అంటే కారు ఆపి ఛార్జ్ చేసుకునే చోట్లు, ఎక్కువ. పిల్లలతో వెళ్లేటప్పుడు వేగం కన్నా ఆ భరోసా ముఖ్యం.

ఇక వాడే పద్ధతి. ముందు కారు నావిగేషన్‌లో ఛార్జర్‌ను గమ్యంగా పెట్టు, బ్యాటరీని ముందే వెచ్చబరిచే ప్రీకండిషనింగ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంచు. డల్లాస్ చలికాలంలో చల్లటి బ్యాటరీతో వెళ్తే ఎక్కడైనా మెల్లగానే ఎక్కుతుంది.

స్టేషన్‌లో ఎలా ఆపాలో కూడా చెప్పాలి. టెస్లాల పోర్టు ఎడమ వెనక భాగంలో ఉంటుంది, వీ3 కేబుల్ దానికి సరిపడా పొట్టిగా చేసింది. నీ కారు పోర్టు కుడి వెనక. రివర్స్‌లో పెడితే నీ స్తంభం కేబుల్ అందదు, పక్క స్టాల్‌ది వాడాల్సి వస్తుంది, అంటే ఇద్దరి చోటు ఆక్రమించినట్టు. కేబుల్ పొడుగ్గా ఉన్న వీ4 స్టాల్ ఉంటే అదే ఎంచుకో. లేకపోతే ఎవరికీ అడ్డుకాని చివరి స్టాల్ చూడు. కేబుల్‌ను బిగదీసి తగిలించకు, ఆ బరువంతా అడాప్టర్ మీద పడి పిన్నులు వంకర పోతాయి.

అడాప్టర్‌ను మొదట టెస్లా హ్యాండిల్‌కు టక్కుమనేదాకా నొక్కు. తర్వాత రెండూ కలిపి కారులోకి. స్తంభం మీద 2బీ, 3ఏ అని నంబరు ఉంటుంది. యాప్‌లో అదే నంబరు ఎంచుకుని మొదలుపెట్టు. మొదటి అయిదు నిమిషాలూ అక్కడే ఉండు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చుర్రుమంటే, కాలిన వాసన వస్తే, వేగం ఒక్కసారిగా పడిపోతే వెంటనే ఆపేసి, ఆ అడాప్టర్ ఇక వాడకు.

తీసేటప్పుడు తొందర పడొద్దు. యాప్‌లో ఛార్జింగ్ ఆపు, కారు అన్‌లాక్ చెయ్యి, అడాప్టర్‌నూ హ్యాండిల్‌నూ కలిపే బయటకు లాగు. హ్యాండిల్ ఒక్కదాన్నే పీకావంటే కరెంటు పారుతుండగానే కనెక్షన్ ఊడి, పిన్నుల మధ్య మెరుపులాంటి మంట లేచే ప్రమాదం ఉంది. ఏసీ సెకనుకు 120 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆ మంట తనంతట తనే ఆరిపోతుంది. డీసీ మంట అలా ఆరదు. రెండు అడాప్టర్లు గొలుసులా కలపడం, ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడడం కూడా ఇందుకే వద్దు. పనయ్యాక కారు అక్కడే ఉంచితే ఐడిల్ ఫీజు, అంటే చోటు ఊరికే ఆక్రమించినందుకు రుసుము, నిమిషాల లెక్కన పడొచ్చు.

అల్లుడుగారి టెస్లా మోడల్ వైకి నీ అడాప్టర్ ఇవ్వకు. ఆయన ఎలక్ట్రిఫై అమెరికాకు వెళ్లాలంటే తిరగేసినది, సీసీఎస్ నుంచి టెస్లాకు మార్చేది కావాలి. అదీ ఆ కారు ఒప్పుకుంటేనే. స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ పేజీలో, అదనపు వాహన సమాచారం నొక్కితే సీసీఎస్ అడాప్టర్ సపోర్ట్ ఉందో లేదో చూపిస్తుంది.

ఇప్పుడు నువ్వు ఫొటో పంపిన ఆ చవక ఏసీ అడాప్టర్ సంగతి. ఏసీని డీసీగా మార్చుకునే నీ కారు లోపలి ఛార్జర్ 11 కిలోవాట్లది కాబట్టి 48 ఆంపియర్లు సరిగ్గా సరిపోతాయి, 80ది దొరికితే ఇంకా నయం. ఆస్టిన్‌లో దిగే హోటల్లో టెస్లా వాల్ కనెక్టర్ ఉంటేనే కొను. కొన్నిచోట్ల దాన్ని టెస్లాలకే పరిమితం చేసి పెడతారు, గది బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి కనుక్కో.

ప్రయాణానికి వారం ముందు ఇంటికి దగ్గర్లోని వీ3 దగ్గరికి వెళ్లి పది నిమిషాలు ఎక్కించి చూడు. యాప్‌లో కార్డు చేర్చడం, పోర్టు లాక్ తియ్యడం అక్కడే అలవాటవుతాయి. అడాప్టర్‌ను ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకు, పొడి గుడ్డ సంచిలో సీటు కింద పెట్టు.

మీ మావయ్య