లివర్ జబ్బు సంగతి దాచకండి, మీ కేసు దాంట్లోనే ఉంది

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా నాయనకి 58 ఏళ్లు. మూడేళ్లుగా లివర్ జబ్బుకి మందులు వాడేవాడు. పొట్ట ఉబ్బరంగా ఉందంటే స్కాన్ తీయించాం, గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. రెండు రోజులకే నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. రక్తం ఆగలేదు. కామెర్లు ముదిరి పదకొండో రోజు పోయాడు. ఇది జరిగి 22 నెలలైంది. డాక్టరు మాతో ఒక్కసారైనా సరిగ్గా మాట్లాడలేదు. పోస్టుమార్టం చేయించలేదు. ఆ కాగితాలు చూసినప్పుడల్లా అమ్మ ఏడుస్తోందని భోగి మంటలో వేసేశాం. స్కాన్ రిపోర్టు ఫొటో ఒకటి నా ఫోన్లో మిగిలింది. లివర్ జబ్బు గురించి రాస్తే కేసు నిలవదని మా మామ అంటున్నాడు. ఆస్పత్రి వాళ్లు రెండు లక్షలిస్తాం, సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు: మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చదివాను. పక్కన మాత్రల షీటు, కింద మంచం పట్టీ కనిపిస్తున్నాయి. రిపోర్టులో రాళ్ల గురించి రాసిన లైనుకు పైనే మూడు లైన్లున్నాయి: లివర్ గరుకుగా ఉంది, ప్లీహం పెరిగింది, పొట్టలో కొద్దిగా నీరుంది. ఈ మూడూ సిరోసిస్‌కు, అంటే లివర్ పాడై గట్టిపడిపోవడానికి, గుర్తులు. తేదీ ఆపరేషన్‌కు రెండు రోజుల ముందుది. మీ కేసు ఈ మూడు లైన్లమీదే నిలబడుతుంది. డాక్టరు మాటతీరు మీద కాదు.

సిరోసిస్ ఉన్నవాళ్లకు ఈ రాళ్లు మామూలు వాళ్లకంటే ఎక్కువగా వస్తాయి. నొప్పి, జ్వరం లేకపోతే చాలాసార్లు వాటి జోలికి పోరు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు చాలావరకు లివరే తయారుచేస్తుంది. ప్లీహం పెరిగితే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. గాల్ బ్లాడర్ చుట్టూ రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. అందుకే కత్తి పట్టేముందు రక్తపరీక్షలో బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ చూసి, పొట్టలో నీరు, మనిషి తెలివి ఎలా ఉన్నాయో కలిపి చైల్డ్-పగ్ అనే లెక్కలో ఏ, బీ, సీ అని తేలుస్తారు. ఏ అయితే జాగ్రత్తలు తీసుకుని చేస్తారు. సీ అయితే వేరే దారి లేనప్పుడే చేస్తారు, చాలాసార్లు గొట్టం వేసి చీమో, పైత్యమో తీసి ఊరుకుంటారు. కాబట్టి మీరు ఫిర్యాదు వేయాల్సిన వినియోగదారుల కమిషన్ అడిగేది ఇదే: మీ నాన్నగారి విషయంలో ఆ లెక్క వేశారా? అంత తొందర ఏమొచ్చింది? ప్రమాదం ఎంతో ఆయనకు చెప్పారా?

ఆపరేషన్ తర్వాత మనిషి పోయినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. గాల్ బ్లాడర్ చీముపట్టి ఆ రాత్రే తీయక తప్పలేదని కేస్ షీట్ చెబితే మీ బలం చాలావరకు పోతుంది. మీరు రాసినదాన్నిబట్టి జ్వరం, నొప్పి లేవు. అది కేస్ షీట్‌లోనూ అలాగే ఉందో లేదో చూడాలి.

ఇక మీ మామగారి సలహా. దాన్ని అస్సలు వినకండి. ఫిర్యాదుతో పాటు ప్రమాణ పత్రం ఇస్తారు, అందులో అబద్ధం రాస్తే మీ మెడకే చుట్టుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. జబ్బు సంగతి మీరు దాస్తే, ఆస్పత్రి తరఫు లాయరు లేచి "రోగి ఇంటివాళ్లు మాకూ దాచారు" అంటాడు. మీరు చెప్పిన అబద్ధమే వాళ్లకు డిఫెన్స్ అవుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. జబ్బు ఉంది, మందులు వాడుతున్నాడు, స్కాన్‌లో కనిపించింది, అయినా రెండు రోజుల్లో ఆపరేషన్ చేశారు అని.

ఆస్పత్రి ఫైలును భోగి మంటలో వేయడమేమిటండీ? మంటలో పాత చాపలు వేస్తారు, తండ్రి వైద్యం కాగితాలు కాదు. అమ్మ కంటపడకూడదంటే బంధువుల ఇంట్లో దాచాల్సింది. పోస్టుమార్టం కూడా లేదు కాబట్టి ఇప్పుడు అంతా కేస్ షీట్ మీదే ఆధారపడుతుంది.

దాన్ని రాబట్టే దారి ఉంది. అడ్మిషన్ నోట్స్, రక్తపరీక్షలు, మత్తు డాక్టరు రాసిన ఫిట్‌నెస్, ఆపరేషన్ నోట్స్, రక్తం ఎక్కించిన వివరాలు, సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం కావాలని రాసి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో రేపే పంపండి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి కూడా. అంగీకార పత్రాన్ని ప్రత్యేకంగా చూడండి. ప్రమాదమూ, వేరే మార్గాలూ రోగికి చెప్పాకే అది అంగీకారమవుతుందని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఇంగ్లీషులో అచ్చేసిన ఫారం కింద సంతకం ఒక్కటే ఉంటే అది మీకు పనికొస్తుంది.

ఆ రెండు లక్షల కాగితంలో "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న లైను ఉంటుంది. సంతకం పెట్టకండి. వచ్చే నెల మాట్లాడుకుందాం అంటే నమ్మకండి. 2019 వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. మాటల్లో ఉన్నాం కదా అని, నోటీసు ఇచ్చాం కదా అని అది ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, మన్నిస్తుందన్న హామీ లేదు. చనిపోయిన రోజు నుంచి కాకుండా ఆపరేషన్ రోజు నుంచే లెక్కపెట్టండి. మీకు మిగిలింది మహా అయితే రెండు నెలలే.

రికార్డులు రాకపోయినా నెల రోజుల్లో నెల్లూరు జిల్లా కమిషన్‌లో వేసేయండి, తెప్పించమని అక్కడే కోరవచ్చు. ఆస్పత్రికి కట్టింది ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. బిల్లులు కాలిపోయినా ఫోన్‌పేలో కట్టినవి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతాయి. మీ అమ్మగారిని, తోబుట్టువులను కూడా ఫిర్యాదీలుగా చేర్చండి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని 2010లో కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు అంది. మీ కేసులో మాత్రం కావాలి. రికార్డులు రాగానే వేరే ఊరి గ్యాస్ట్రో సర్జన్‌కు చూపించండి. ముందు పోలీసుల దగ్గరికి పరుగెత్తకండి. 2005 జాకబ్ మాథ్యూ తీర్పు తర్వాత స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం లేకుండా డాక్టరు మీద క్రిమినల్ కేసు ముందుకు పోదు, ఈలోపు మీ గడువు కరిగిపోతుంది.

అన్నిటికంటే ముందు ఆ స్కాన్ సెంటరుకు వెళ్లి, పేరు, తేదీ చెప్పి రిపోర్టు నకలు అడగండి. అది చేతికొచ్చేదాకా ఫోన్ అమ్మొద్దు, మార్చొద్దు, రిపేరుకు ఇవ్వొద్దు. నకలు దొరక్కపోతే ఆ ఫొటోనే సాక్ష్యంగా పెట్టాలి, దానికి కొత్త సాక్ష్య చట్టం (2023 భారతీయ సాక్ష్య అధినియమ్) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఫోన్ మీ చేతిలో ఉండాలి.