కెగ్గులో బీరు, సీసాలో నురగ

గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు అడుగుతున్నాడు: "అన్నా, అమెరికా వచ్చాక ఇంట్లో బీరు చేయడం నేర్చుకున్నా. కెగ్గు (బీరు నిల్వ ఉంచే స్టీలు పీపా) నుంచి గ్లాసులోకి బాగానే వస్తోంది. సీసాల్లో పడితే సగం నురగే. ఎలా పట్టాలి? వచ్చే నెల ఇంటికి వెళ్తున్నా, విజయవాడ ఫ్రెండ్స్‌కి నాలుగు సీసాలు తీసుకెళ్లొచ్చా?"

తమ్ముడూ, ముందు చట్టం సంగతి. ఇంట్లో మందు చేయడం అనగానే మన వాళ్లకి సారా బట్టీ గుర్తొస్తుంది. ఇక్కడ ఆ రెండూ వేరు. 1978లో చేసిన ఫెడరల్ చట్టం ప్రకారం ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్ల బీరు సొంతానికి చేసుకోవచ్చు. బట్టీ పెట్టి సారా తీస్తే మాత్రం నేరమే. బీరైనా అమ్మకూడదు. ఉగాది పార్టీలో సీసాకింత అని వసూలు చేయాలన్న ఆలోచన ఉంటే మానుకో.

ఇక నురగ. కెగ్గులో బీరు చల్లగా, ప్రెషర్ కింద ఉంది కాబట్టి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అందులో కరిగి ఉంటుంది. వెచ్చగా ఉన్న ఖాళీ సీసాలోకి జోరుగా వదిలితే ఆ గ్యాసంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. మన గోళీసోడానే చూడు, లోపలి ప్రెషర్ గోళీని పైకి నొక్కి పట్టినంతసేపు నీళ్లు కదలవు, గోళీ కిందికి నొక్కగానే బుస్సుమంటాయి.

అందుకని ముందు రోజు రాత్రే కెగ్గుతో పాటు సీసాల్నీ ఫ్రిజ్‌లో పెట్టు. పట్టే ముందు శానిటైజర్ నీళ్లతో కడిగి వంచెయ్, ఆరబెట్టకు. లోపల తడిగా ఉంటేనే నురగ తక్కువ. కెగ్గుకి గ్యాస్ వచ్చే సిలిండర్ కట్టేసి, కెగ్గు మీది వాల్వు లాగి ప్రెషర్ వదిలేసి, సిలిండర్ తెరిచి మళ్లీ 2, 3 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత) పెట్టుకో. ట్యాప్‌కి సీసా అడుగు దాకా వెళ్లే ట్యూబ్ తగిలించు. ట్యూబ్ వెచ్చగా ఉంటుంది కాబట్టి మొదట వచ్చేది నురగే, దాన్ని గ్లాసులో పట్టేయ్. తర్వాత అడుగు నుంచి నెమ్మదిగా నింపు. చివర్లో మూతి దాకా కాస్త నురగ రానిచ్చి, దాని మీదే మూత బిగించు. సీసా పైభాగంలో ఉన్న గాలిని ఆ నురగే బయటికి తోసేస్తుంది. గాలి మిగిలితే కొన్నాళ్లకి బీరు తడిసిన అట్టపెట్టె రుచికి వస్తుంది. పని కాగానే కెగ్గు ప్రెషర్ మళ్లీ మామూలుకి తేవాలి, లేదంటే మిగిలిన బీరు చప్పబడిపోతుంది.

పట్టేటప్పుడు గ్యాస్ కొంత పోతుంది కాబట్టి ముందే కెగ్గులో కాస్త ఎక్కువ ఎక్కించుకోవడం మంచిది. సీసాలోకి ముందు గ్యాస్ నింపి, ఆ ప్రెషర్ మీదే బీరు పట్టే ఫిల్లర్లూ దొరుకుతాయి. నెలల తరబడి దాచుకునేవాళ్లకి అవి పనికొస్తాయి. శనివారం పట్టి ఆదివారం తాగేసేవాడికి నా దృష్టిలో దండగ ఖర్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. కెగ్గు లేకుండా సీసాల్లో పట్టేవాళ్లు గ్యాస్ పుట్టడానికి చక్కెర వేస్తారు. అది చూసి నువ్వూ వేయకు. గ్యాస్ ఎక్కిన బీరులో చక్కెర పడితే లోపలున్న ఈస్ట్ (బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి) ఇంకా గ్యాస్ పుట్టిస్తుంది, సీసా పేలి గాజు ముక్కలు ఎగురుతాయి. జ్యూస్ సీసాలూ వద్దు. ఓపెనర్‌తో తీసే మూతల గోధుమరంగు బీరు సీసాలే వాడు. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలైనా ఫర్వాలేదు, ప్రెషర్ తట్టుకుంటాయి.

ఊరికి తీసుకెళ్లడం గురించి. మనిషికి 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తేవచ్చు, నీ నాలుగు సీసాలు ఆ లెక్కలోకే వస్తాయి. అయినా నేను వద్దంటాను. వడపోయని బీరు ఒకటిన్నర రోజు ప్రయాణంలో వెచ్చబడి, గన్నవరంలో దిగి, 40 డిగ్రీల ఎండలో కారు డిక్కీలో ఊగుతూ గుంటూరు చేరితే రుచి సంగతి దేవుడెరుగు, వేడికి సీసాలో ప్రెషర్ కూడా పెరుగుతుంది. అంతగా మనసు లాగితే ఎయిర్‌పోర్టులో ఒక సీసా కొనుక్కెళ్లు. అక్కడే డాబా మీద చేసి చూపిద్దామని కిట్టు మోసుకెళ్లకు. ఆంధ్రలో లైసెన్సు లేకుండా బీరు చేస్తే కేసవుతుంది, ఇంట్లో తాగడానికే అన్నా ఒప్పుకోరు.