కారు వెనుక ట్రెయిలర్ ఊగుతుంటే

ప్రశ్న: మా కారుకు చిన్న ట్రెయిలర్ తగిలించి అప్పుడప్పుడు సామాను తరలిస్తున్నాను. ఇంజను శక్తిమంతమైనదే కనుక లాగడంలో ఇబ్బంది లేదు. కానీ వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటగానే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతూ, కారు వెనుక భాగాన్ని కూడా ఊపుతోంది. దించడం సులువని బరువైన సామానును వెనుక తలుపు దగ్గరే పెడుతుంటాను. ఊగినప్పుడు వేగం పెంచితే సర్దుకుంటుందని ఒక మిత్రుడు చెప్పాడు. అది నిజమేనా?

జవాబు: ఆ సలహాను మాత్రం పాటించకండి. ఇంజను ఎంత బరువు లాగగలదన్నది ఒక సంగతి, లాగుతున్న బరువు అదుపులో ఉండటం వేరొక సంగతి. మీ సమస్యకు కారణం మీ ప్రశ్నలోనే ఉంది: సామాను తలుపు దగ్గర ఉంది. ఇరుసుకు వెనుక బరువు ఎక్కువైతే ట్రెయిలర్ ముందు భాగం పైకి లేవజూస్తుంది, కారు హిచ్ (ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడవలసిన బరువు తగ్గిపోతుంది. అప్పుడు పక్కగాలి వల్లనో, పెద్ద లారీ ఒకటి దాటిపోవడం వల్లనో మొదలైన చిన్న ఊపు, తక్కువ వేగంలోనైతే దానంతట అదే అణగిపోతుంది గాని, ఒక హద్దు దాటిన వేగంలో క్షణక్షణానికీ పెరుగుతూ పోయి చివరకు కారునే అడ్డం తిప్పవచ్చు. బరువు వెనుకకు జరిగే కొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. మీ విషయంలో అది 80 దగ్గరకు వచ్చిందన్నమాట.

బరువైన వస్తువులను ఇరుసుకు పైనా, దానికి కొంచెం ముందుగానూ, వీలైనంత కిందుగా పేర్చి, కదలకుండా కట్టండి. సగం ముందు కొసన, సగం వెనుక కొసన పెట్టి తూకం కుదిరిందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే కొసలలో ఉన్న బరువు ఒకసారి ఊగడం మొదలైతే దానిని ఆపడం కష్టం.

హిచ్ మీద పడే బరువు, సామానుతో సహా ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో చెబుతారు; ఐరోపా కార్లకు ఆ పరిమితి తక్కువ కనుక అక్కడ 5 నుంచి 7 శాతం అంటారు. మీ కారుతో వచ్చిన పుస్తకంలోని పరిమితిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. కొలవడం కష్టమేమీ కాదు. ట్రెయిలర్‌ను చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, మనుషుల బరువు చూసుకునే తూకం మీద హిచ్ ఎత్తున ఒక చెక్క దిమ్మెను నిలబెట్టి, దాని మీద ట్రెయిలర్ ముందు కొసను ఆనించండి. 600 కిలోల ట్రెయిలర్‌కు 60 కిలోలు చూపితే అది 10 శాతం. మరీ ఎక్కువైనా ప్రమాదమే: కారు వెనుక కుంగి, ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు సడలుతుంది, రాత్రివేళ హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి.

ఇంత చేసినా ఊగితే, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకొని, వేగం తగ్గేదాకా ఓపిక పట్టండి. ఎదురు తిప్పబోతే మన చేతులు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగానే కదులుతాయి కనుక ఊపు ఇంకా పెరుగుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే ట్రెయిలర్ వెనుక నుంచి కారును తోస్తుంది.

ప్రశ్న: మా ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు లేవు. ఈ మధ్య కొండ దారిలో దిగుతుండగా కారు బ్రేకు పెడల్ మెత్తబడినట్లు అనిపించింది. ఎందువల్ల?

జవాబు: రెండు వాహనాల బరువును ఒక్క కారు బ్రేకులే ఆపవలసి రావడం వల్ల అవి విపరీతంగా వేడెక్కి ఉంటాయి. బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకొని పాతబడితే ఆ వేడికి మరిగి, పెడల్ మెత్తబడుతుంది. ముందుగా దానిని మార్పించండి. దిగుడు మొదలవక ముందే తక్కువ గేరుకు మారి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచేలా చూడండి. ఐరోపాలో 750 కిలోలు మించిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మీది ఆ బరువుకు దగ్గరగా ఉంటే బ్రేకులున్న ట్రెయిలర్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. దిగాక ఆగినప్పుడు ట్రెయిలర్ చక్రాల హబ్బుల (చక్రం నడిమి భాగాల) దగ్గర చేయి పెట్టి చూడండి. వాటికి బ్రేకులు లేవు కనుక, ఒక హబ్బు రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే బేరింగును అనుమానించి, దానిని చూపించేదాకా ప్రయాణం ఆపండి.