ఎండాకాలం ఇంట్లోనే హాయిగా గడపడం: మా డాబా మీది సాయంత్రం తోట

"సెలవులకు ఎక్కడికీ వెళ్లట్లేదు. ఇంటి మీద చిన్న డాబా ఉంది. నాలుగు మొక్కలు పెంచుకుంటూ, కాస్త నా ఒళ్లూ మనసూ చూసుకుంటూ ఈ ఎండాకాలం ఇంటిపట్టునే ఉండాలనుంది. ఎవరైనా అలా గడిపారా? ఇప్పుడు మే నెలలో మొదలుపెట్టొచ్చా?" అని అడిగారు కదా. గడిపానండీ, ఆరేళ్లుగా గడుపుతూనే ఉన్నాను. మాది విజయవాడ. మే నెలలో ఈ ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్లు "డాబా మీద హాయేంటమ్మా, అప్పడాలు ఆరబెట్టుకోక" అంటారు. మొదటి ఏడాది నా పనీ అలాగే అయింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్లి 26 మొక్కలు తెచ్చాను. గులాబీలు, చామంతులు, టమాటా నారు, క్యాప్సికం, ఫోన్‌లో ఏది బాగుంటే అది. పొద్దున పదింటికి మొక్కల మధ్య కుర్చీ వేసుకుని టీ తాగాలని నా ఊహ. పదింటికి మా డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెడితే ఆ ఊహ అక్కడే ఆవిరైపోతుంది. మే మొదటి వారంలో పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి 26లో ఐదు మిగిలాయి. మల్లె, మందారం, కరివేపాకు, కలబంద. ఐదోది చంద్రకాంత. అదీ పైన మాడిపోయింది కానీ అడుగున దుంప ఉంటుంది కాబట్టి నీళ్లు పడగానే వారంలో చిగురేసింది. నేను మెట్ల మీద కూర్చుని ఏడుపు మొహం పెడితే, కింద వాటాలో ఉండే మామ్మగారు వచ్చి చూసి, "పోయినవాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చోకమ్మా, ఏమేం బతికాయో చూడు. వచ్చే ఏడు అవే వేసుకో" అన్నారు.

చూస్తే, నాకు బాగా నచ్చేవి రెండూ పొద్దు వాలాక కళ తెచ్చుకునేవే. మల్లె చీకటి పడ్డాక విచ్చుకుంటుంది. చంద్రకాంత నాలుగైదింటికి కళ్లు తెరుస్తుంది. అప్పటినుంచీ నేను పగటి తోట ఆశ వదిలేశాను. మా తోట సాయంత్రం ఐదున్నరకు మొదలై రాత్రి పదింటికి ముగుస్తుంది. పగలు దాని జోలికి పోను. మధ్యాహ్నం ఆకులు వేలాడేస్తే కంగారుపడి నీళ్లు పోయొద్దు. ఎండకు అలా ముడుచుకుంటాయి, సాయంత్రానికి వాటంతటవే లేస్తాయి. పొద్దున కూడా వాలిపోయి ఉంటేనే నిజంగా దాహమని.

ఇక నీళ్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా ఎండాకాలం సుఖంలో సగం అక్కడే ఉంది. పైపు రోజంతా ఎండలో పడి ఉంటుంది. ట్యాప్ తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు చేతి మీద పడితే చురుక్కుమంటాయి. మొదట్లో అవే నీళ్లు తిన్నగా కుండీల్లోకి పోనిచ్చేదాన్ని. మొక్కల వేళ్లకు ఉడుకు నీళ్ల స్నానం అన్నమాట! ఇప్పుడు పైపు నీళ్లు నేలకే. ఆరున్నరకు, పొద్దు బాగా వాలాక, డాబా మొత్తం ఒకసారి తడుపుతాను. ఆ మొదటి విడత నీళ్లకు సిమెంటు బుస్సుమని ఆవిరి కక్కుతుంది. అప్పుడు అక్కడ ఉండకూడదు, కిందికి దిగి వచ్చేయాలి. ఏడుంపావుకు రెండో విడత చల్లితే నేల కిక్కురుమనదు, అరికాలికి చల్లగా తగులుతుంది. పగలు తాగిన వేడిని శ్లాబు రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది కదా, ఒక్కసారి చల్లి చాప పరిస్తే ఆ ఉక్కంతా వీపుకే.

కుండీలకు మాత్రం డ్రమ్ము నీళ్లు. పొద్దున ట్యాంకు చల్లగా ఉన్నప్పుడే రెండు డ్రమ్ములు నింపి, మెట్ల గది నీడలో పెట్టి, తడి గోనెపట్టా కప్పుతాను. మగ్గుతో ఒక్కో కుండీకి పోసుకుంటూ వెళ్తాను. పైపుతో ఐదు నిమిషాల్లో అయ్యే పని మగ్గుతో ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది, నాకు కావాల్సిందీ అదే. ఆఫీసులో ఆ రోజు మిగిలిపోయిన టెన్షన్ ఏదైనా ఉంటే కరివేపాకు దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా బకెట్‌లో పట్టి వీటికే పోస్తాను. ఉక్కపోత రాత్రుల్లో పొద్దుటికల్లా బకెట్ బాగానే నిండుతుంది. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాలు పరిస్తే తడి త్వరగా ఆరదు. ఈ ఒక్క పని ముందే చేసి ఉంటే ఆ పెళ్లికి వెళ్లొచ్చేసరికి ఇంకో నాలుగైనా బతికేవేమో.

మల్లె గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోకండి. మా వైపు మైలవరం మల్లెలకు పేరు. సీజన్‌లో ఊళ్లో ఏ సందు చివర చూసినా బుట్టలే, కొనుక్కోవడానికి కరువు లేదు. అయినా నావి మూడే కుండీలు, దొంతర మల్లె. సంక్రాంతి వెళ్లాక నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తాను. చూసినవాళ్లు చంపేశావా అంటారు. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగురు వస్తుంది, మొగ్గ వేసేది ఆ కొత్త చిగురుకే. ఎండ ఎంత కాస్తే అంత పూస్తుంది. నీడన పెడితే ఆకులే.

ఐదున్నరకు చిన్న గిన్నెతో పైకి వెళ్తాను. ఏ మొగ్గ ఈ రాత్రికి విచ్చుకుంటుందో చూడగానే తెలిసిపోతుంది. రేపటిది సన్నగా, కాస్త పచ్చగా ఉంటుంది. ఇవాళ్టిది తెల్లగా, లావుగా, తొడిమ దగ్గర బిగువు వదిలి ఉంటుంది. దాన్ని లాగక్కర్లేదు, బొటనవేలితో పక్కకు వంచితే 'టిక్' అని చేతిలోకి వస్తుంది. రోజుకు 40, 50 మొగ్గలు. మూరెడు కూడా రావు. తడిగుడ్డలో చుట్టి పెట్టి స్నానం చేసి వచ్చి, అరటి నారతో కట్టడం మొదలుపెడతాను. మధ్యలో రెండు మరువం రెబ్బలు. సగం కట్టేసరికే ముందు కట్టిన మొగ్గలు విచ్చుకుని దండ లావెక్కిపోతుంది. కట్టడం నాకు నలభై ఏళ్లు దాటాక వచ్చింది, మామ్మగారు నేర్పారు. ఇప్పటికీ నా దండ ఒకచోట లావు, ఒకచోట సన్నం. పూలు పెట్టుకోని రోజుల్లో గిన్నెడు నీళ్లలో వేసి మంచం పక్కన పెట్టుకుంటాను.

కూరగాయల్లో ఎండాకాలం మాట వినేవి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి వేస్తే నెలన్నరకల్లా కాపు మొదలు. తోటకూర నాలుగు వారాల్లో పప్పులోకి వచ్చేస్తుంది. టమాటా జోలికి వెళ్లొద్దు, ఈ వేడికి పూత రాలిపోతుంది. కొత్తిమీర కూడా మొలిచీ మొలవగానే పూతకు పోతుంది, కొనుక్కోవడమే మేలు. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం మాత్రమే కొట్టండి. పగలు కొడితే ఆకు మాడుతుంది. ఇంతకు మించి నాకు కూరగాయల మీద పెద్ద శ్రద్ధ లేదు, నిజం చెప్పాలంటే.

ఒళ్లు చూసుకోవడం అన్నారు కదా. నాకు అది ఆదివారం సాయంత్రం తలంటు. పార్లర్‌లో ఏం చేస్తారో నాకు తెలీదు గానీ, మందారం చెట్టు ఇంట్లో ఉన్నాక తలకు ఇంకేం కొనక్కర్లేదనిపిస్తుంది. పదిహేను ఆకులు కడిగి, గిన్నెడు నీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తోనే నలపాలి. మిక్సీలో వేస్తే నలకలన్నీ జుట్టులో ఇరుక్కుని వారమంతా రాలుతాయి, అది కూడా అనుభవమే. చేత్తో నలిపితే నీళ్లు చిక్కబడి జిగురుగా, చల్లగా, వేళ్ల సందుల్లోంచి జారుతుంటాయి. పల్చటి గుడ్డలో వడకట్టి తలకు పట్టించి, ఇరవై నిమిషాలు అలా కూర్చుని, కుంకుడు రసంతో రుద్దుకోవడమే. ఆ ఇరవై నిమిషాలూ జిగురు చేతులతో ఫోన్ ముట్టుకోలేం. అదే పెద్ద విశ్రాంతి.

ఒంటికి సున్నిపిండి. పెసలు, కొంచెం శనగపప్పు, కచ్చూరాలు, ఎండబెట్టిన గులాబీ రేకులు, కమలా తొక్కలు, అన్నీ మరపట్టిస్తాను. చాలామంది బావంచాలు కూడా వేస్తారు. ఎండాకాలంలో నేను వేయను. వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి అంటి ఉండగా ఎండ తగిలితే చర్మం కందిపోతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా అంతే. వీటిని సాయంత్రం స్నానానికి ఉంచుకోవడం మంచిదనేది అందుకే. ఇంకో మాట. సాయంత్రం ట్యాంకు నీళ్లు మరుగుతుంటాయి కాబట్టి స్నానానికి రెండు బకెట్లు పొద్దున్నే నింపి బాత్రూంలో పెట్టేసుకోండి. ఒంట్లో నీరసంగా ఉన్న రోజు ఆ చల్లటి చెంబు నీళ్లు భుజం మీద పడితే ఎలా ఉంటుందో రాసి చెప్పలేను.

తాగడానికి కుండ నీళ్లు. కొత్త కుండని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మొదటి రెండు మూడు సార్ల నీళ్లు పారబోసి, కిటికీ గాలి తగిలే చోట ఇసుక మీద పెట్టండి. కడిగిన వట్టివేరు గుడ్డలో మూటకట్టి అందులో వేస్తే చాలు. కాకపోతే బెజవాడలో ఉక్కగా ఉన్న రోజున కుండ అంతగా చల్లబడదు. గాలిలోనే తేమ నిండి ఉంటే కుండ గోడ నుంచి నీరు ఆవిరవ్వాలి కదా, అది సరిగా జరగదు. అనంతపురంలో మా పిన్ని ఇంట్లో అదే కుండ ఫ్రిజ్‌తో పోటీ పడుతుంది. ఇంకా తాటి ముంజలు, సబ్జా గింజల నీళ్లు, మజ్జిగ, ఇవి మీకు కొత్తగా చెప్పేదేముంది. ముంజ పైపొట్టు మాత్రం పారేయకండి, చెమటకాయల మీద రుద్దితే చల్లగా ఉంటుంది.

ఎనిమిదిన్నరకు భోజనాలు అయ్యాక మడత మంచం పైకి చేరుతుంది. మావారు పది నిమిషాలు ఉండి "దోమలు" అని దిగిపోతారు. నేను దోమతెర కట్టుకుని వెల్లకిలా పడుకుంటాను. మే నెలలో తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షులు ఎత్తుగా ఉంటారు. వాళ్ల తోక వంపునే పట్టుకుని చూపు సాగదీస్తే నడినెత్తికి కాస్త తూర్పుగా నారింజ రంగులో స్వాతి కనిపిస్తుంది, అలాగే దక్షిణానికి పోతే చిత్త. ఆగ్నేయాన కింద ఎర్రగా జ్యేష్ఠ. సప్తర్షుల తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, పక్కనే మినుకుమంటూ అరుంధతి. పెళ్లిలో పట్టపగలు ఆకాశం కేసి చూపించి "కనిపించిందా" అంటే "ఆఁ" అన్నాను. అసలు అరుంధతిని చూసింది పదిహేనేళ్ల తర్వాత ఈ మంచం మీది నుంచే. కరెంటు పోయిన రాత్రి అయితే ఇంకా బాగా కనిపిస్తుంది. అప్పుడు కింద వీధిలో అందరూ కరెంటోళ్లను తిడుతుంటే, మనసులో మాత్రం ఇంకో అరగంట పోతే బాగుండు అనిపిస్తుంది.

ఇక మే నెలలో మొదలుపెట్టొచ్చా అన్నారు. పెద్ద తోటకైతే ఇది సమయం కాదు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అని ఊరికే అనలేదు, అది ఈ నెలాఖరుకే. జూన్ మొదటి వారం దాటి మృగశిర వచ్చి, ఒక వాన పడ్డాక మిగతావి తెచ్చుకోండి. ఇప్పటికి మూడే తెచ్చుకోండి. మొగ్గ మీదున్న మల్లె కుండీ ఒకటి. కొన్నాక వెంటనే వేరే కుండీలోకి మార్చకండి, ఈ ఎండకు వేళ్లు కదిలితే తట్టుకోదు. రెండోది ఒక తొట్టిలో తోటకూర గింజలు, పైన సగం ఎండను ఆపే గ్రీన్ షేడ్ నెట్ ముక్క. మూడోది చంద్రకాంత. దీన్ని కొనక్కర్లేదు, ఏ గోడ పక్కనైనా ఉంటుంది. మిరియాల్లాంటి నల్లటి గింజలు రాలి ఉంటాయి, నాలుగు ఏరుకొచ్చి మట్టిలో గుచ్చండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త, ఆ గింజలు నోట్లో పెట్టుకోకూడదు, విషం.

ఇంకేమైనా అడగాలంటే అడగండి, రాత్రి చూసి చెప్తాను. ఐదున్నర అయింది, మొగ్గలు కోయాలి.