టెంపుల్ బార్‌లో పాత పబ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా?

ఆగస్టులో అమ్మానాన్నలతో డబ్లిన్ వస్తున్నామని, బస టెంపుల్ బార్ అనే పేట దగ్గరేనని రాశారు. నాన్నగారికి పాత ఐరిష్ పబ్‌లో కాసేపు కూర్చోవాలనుంది. అమ్మగారు మందు ముట్టరు, పైగా శాకాహారి. అక్కడున్నవన్నీ టూరిస్టుల పబ్బులేనట, వెళ్ళడం దండగా అని మీ ప్రశ్న.

తప్పకుండా వెళ్ళండి. ఫ్లీట్ స్ట్రీట్‌లో ప్యాలెస్ బార్ అని ఉంది, అక్కడికి వెళ్ళండి. కాకపోతే వారం మధ్యలో, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు వెళ్ళండి. శుక్ర, శనివారాల రాత్రుళ్ళు ఆ పేటలో కాలు పెట్టే సందుండదు. మైకు, గిటారు, ఎక్కడ చూసినా అవే పాటలు. పింట్, అంటే పెద్ద గ్లాసు బీరు, ధర కూడా ఊళ్ళో మిగతాచోట్ల కంటే బాగా ఎక్కువ. పెద్దవాళ్ళకి ఆ హోరులో ఏం బాగుంటుంది?

ప్యాలెస్ బార్ 1823 నాటిది. పేటకి తూర్పు కొసన, వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్ పక్కనే ఉంటుంది. ఐరిష్ టైమ్స్ పత్రిక ఆఫీసు అప్పట్లో ఆ దగ్గర్లోనే ఉండేది. 1930లు, 40లలో దాని సంపాదకుడు స్మైలీ ఈ పబ్ వెనక గదిలో కొలువు తీరితే పాట్రిక్ కావనా, ఫ్లాన్ ఓబ్రయన్ లాంటి రచయితలు చుట్టూ చేరేవారు. ఆ గది కప్పుకి రంగుటద్దాలు ఉంటాయి. పగటిపూట వెళ్ళమన్నది కొంత ఆ వెలుతురు కోసం కూడా.

అయితే మీ నాన్నగారిని వెనక గదికంటే ముందు కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టండి. మా నాన్నని తీసుకెళ్ళినప్పుడు నేను అదే చేశాను. గిన్నెస్ అనే నల్ల బీరు చెప్పాం. బార్‌మన్ గ్లాసుని వాలుగా పట్టి ముప్పాతిక దాకా నింపి పక్కన పెట్టేశాడు. నాన్న అందుకోబోతే నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల లేత గోధుమరంగు నురగ గ్లాసు గోడల వెంట కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది, అడుగునుంచి నలుపు తేరుకుంటూ పైకొస్తుంది. పూర్తిగా తేరాకే మిగతాది నింపి ఇస్తారు. కంపెనీ చెప్పే లెక్క 119.5 సెకన్లు. తొందరపెట్టకండి.

ఆ రెండు నిమిషాల్లోనే పక్క స్టూలు మీది పెద్దాయన మాట కలిపాడు. ఏ ఊరు, ఏం పని అని. గుంటూరు దగ్గర మిర్చి వేస్తామని నాన్న అంటే, ఆయన తమ ఊళ్ళో ఆవుల గురించి, కోసిన గడ్డి ఆరకముందే వాన పడితే పడే పాట్ల గురించి మొదలుపెట్టాడు. కల్లంలో మిర్చి తడిస్తే ఏమవుతుందో నాన్న చెప్పాడు. నేను మధ్యలో అటూ ఇటూ తర్జుమా చేస్తూ కూర్చున్నాను. పరాయి దేశంలో నాన్న ఒక కొత్త మనిషితో అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. ఈ పాత పబ్బుల గొప్పతనమంతా ఇదేనని నా నమ్మకం. చుట్టూ ఎంతమంది టూరిస్టులున్నా సరే, కౌంటర్ దగ్గర కూర్చున్నవాణ్ణి పలకరించకుండా వదలరు.

ఒక్క మర్యాద మాత్రం గుర్తుంచుకోండి. అలా పరిచయమైనవాళ్ళు మీకో డ్రింకు ఇప్పిస్తే, తర్వాతి రౌండు మీరు కొనాలి. నోటితో థాంక్స్ చెప్పి లేచి రావడం బాగుండదు. టిప్పు మాత్రం కౌంటర్ దగ్గర ఇవ్వనక్కర్లేదు.

ఇక అమ్మగారి సంగతి. పబ్ అనగానే మా అమ్మకి జూబ్లీహిల్స్‌లో చీకటి, డీజే మోత గుర్తొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ అదేం ఉండదు. ముందు భాగంలో స్నగ్ అనే చిన్న గది ఉంటుంది, వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు నలుగురి కంటా పడకుండా కూర్చోడానికి ఇలాంటి గదులు కట్టేవారు. ఖాళీగా ఉంటే అందులో కూర్చోండి. తాగడానికి రాక్ షాండీ అడగండి, పేరు ఎలా ఉన్నా అది నారింజ, నిమ్మ కలిపిన కూల్ డ్రింకే. తాగకుండా కూర్చున్నారని ఎవరూ వింతగా చూడరు. టోస్టీ (కాల్చిన శాండ్‌విచ్) లాంటిది తిందామనుకుంటే హామ్ (పంది మాంసం) లేకుండా చీజ్ మాత్రమే పెట్టమని ముందే చెప్పాలి.

నాన్నగారికి పింట్ ఎక్కువనిపిస్తే, అది 568 మిల్లీలీటర్లు కదా, ‘గ్లాస్’ అని అడగండి, సగం ఇస్తారు. పిల్లలు కూడా వస్తుంటే రాత్రి 9 లోపు బయటపడాలి, మే నుంచి సెప్టెంబరు దాకా 10 వరకు ఉండనిస్తారు.

ఒకవేళ ఆ రోజు లోపల చోటు దొరక్కపోతే, పూల్‌బెగ్ స్ట్రీట్‌లోని మల్లిగన్స్ అనే పబ్‌కి నడవండి, దగ్గరే. 1854 నుంచి అదే వీధిలో ఉంది. అక్కడా పగటిపూటే వెళ్ళండి.