అయిదో తరగతి పాపకి భిన్నాలు, దశాంశాలు, శాతాలు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

పాప కూడికలు, గుణకారాలు బాగానే చేస్తోంది కానీ 0.35, 0.4లలో ఏది పెద్దదని అడిగితే 0.35 అంటోందని రాశారు. ఎందుకంటే ముప్పై అయిదు నాలుగు కన్నా పెద్దది కదా అందట. అదే వయసులో నేనూ ఇదే జవాబు రాశాను. కాబట్టి ముందు ఒక మాట చెబుతాను, కంగారు పడకండి. పాప ఆలోచించే ఆ జవాబు చెప్పింది. ఇన్నేళ్లూ తను నేర్చుకున్న అంకెల్లో ఎక్కువ అంకెలున్నదే పెద్ద సంఖ్య. ఇక్కడ ఆ నియమం మారిందని తనకి ఎవరూ చూపించలేదు, అంతే.

నాకు అది బళ్లో అర్థం కాలేదు. పాలకేంద్రంలో అర్థమైంది.

మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. ఇంట్లో రెండు గేదెలుండేవి. పొద్దున్నే అమ్మతో కలిసి కేంద్రంలో పాలు పోసి రావడం, ఆ తర్వాతే బడి. కేంద్రంలో వెన్న చూసే ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్లం. పొడుగు మెడ ఉన్న గాజు గొట్టంలో ముందు యాసిడ్, దాని మీద కొలిచిన పాలు, ఆపైన కాస్త ఆల్కహాల్ పోసి, రబ్బరు బిరడా బిగించి ఊపేవాడు. గొట్టం కాలిపోయేంత వేడెక్కేది, అందుకే గుడ్డతో పట్టుకునేవాడు. తర్వాత చేత్తో తిప్పే మిషన్‌లో పెట్టి గిరగిరా తిప్పితే, పాలలోని వెన్నంతా పసుపు రంగులో మెడలోకి వచ్చి నిలబడేది. ఆ మెడ మీద 0 నుంచి 10 దాకా అంకెలు. ఒక్కో అంకెకీ మధ్య సన్నటి గీతలు. వెన్న ఎంత పొడుగుందో చూసి "ఆరు పాయింట్ నాలుగు" అని పైకి చదివి, చీటీ మీద 6.4 రాసిచ్చేవాడు.

ఒకరోజు ఎవరి పాలకో 6.9 వచ్చింది. ఇంకొంచెం ఉంటే 6.10 వచ్చేది కదా బాబాయ్ అన్నాను. ఆయన నవ్వలేదు. గొట్టాన్ని వెలుతురుకి పట్టి, ఆరు దగ్గర్నుంచి గీతలు లెక్కపెట్టమన్నాడు. తొమ్మిది లెక్కపెట్టాను. "పదో గీత ఎక్కడుంది?" అన్నాడు. ఏడు దగ్గర ఉంది! ఆరుకీ ఏడుకీ మధ్య ఉన్నవి పది భాగాలేననీ, పది నిండితే అది ఏడే అవుతుందనీ నా కళ్లతో చూశాను. ఇక 0.35 దగ్గర అనుమానం రాలేదు. మూడు గీతలు దాటి, నాలుగో గీతకి సగం దూరంలో ఉంది. నాలుగో గీతని ఇంకా చేరలేదు.

మీ ఇంట్లో ఆ గొట్టం ఉండదు కానీ జామెట్రీ బాక్సులో స్కేలు ఉంటుంది. సెంటీమీటరుకి పది గీతలు. 3.5 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు గీయించండి. తర్వాత గళ్ల నోటుబుక్కులో పది వరసలు, పది నిలువులు, అంటే వంద గళ్ల చదరం ఒకటి గీసి, అదంతా కలిపి 1 అని చెప్పండి. 0.4 అంటే నాలుగు వరసలు. 0.35 అంటే మూడు వరసలు, ఇంకో అయిదు గళ్లు. రంగు పాపనే వేయనివ్వండి. ఏది పెద్దదో మీరు చెప్పొద్దు. ఇంకొకటి, "పాయింట్ ముప్పై అయిదు" అని చదివే అలవాటు ఇంట్లో అందరూ మానేయాలి. "పాయింట్ మూడు అయిదు" అనాలి. సగం గందరగోళం ఆ పలకడంలోనే పుడుతుంది.

భిన్నాల విషయంలో తెలుగు మనకి గొప్ప సాయం చేస్తుంది, మనమే దాన్ని వాడుకోవడం లేదు. ⅔ని బళ్లో "రెండు బై మూడు" అని చదివిస్తారు. తెలుగులో అయితే "మూడింట రెండు వంతులు". ముందు మూడు భాగాలు చెయ్యి, అందులోంచి రెండు తీసుకో. చేసే పని ఏ వరసలో ఉందో మాట కూడా అదే వరసలో ఉంది. హారం ఏం చేస్తుంది, లవం ఏం చేస్తుంది అని విడిగా బట్టీ పట్టక్కర్లేదు. ఒక నెల పాటు ప్రతి భిన్నాన్నీ ఇలాగే చదివించండి. "అయిదింట మూడు", "ఎనిమిదింట ఒకటి". పరీక్షకి కావలసిన "బై" ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

½ + ⅓ = ⅖ అని నేను రాస్తే మా టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి, క.సా.గు. (రెండు హారాలకీ ఉమ్మడిగా వచ్చే అతి చిన్న గుణిజం) తీయాలి అన్నారు. తీశాను, మార్కులొచ్చాయి, ఎందుకు తీయాలో మాత్రం చాలా ఏళ్లు తెలియలేదు. మా అబ్బాయికి నేను గోడ గడియారం చూపించాను. అరగంట అంటే 30 నిమిషాలు, గంటలో మూడో వంతు 20 నిమిషాలు. కలిపితే 50. గంటలో అయిదింట రెండు వంతులంటే 24 నిమిషాలే. అరగంటకి ఇంకో ఇరవై నిమిషాలు కలిపితే అరగంట కన్నా తక్కువ ఎలా అవుతుంది? తప్పు వాడే పట్టుకున్నాడు. సగాన్నీ మూడో వంతునీ ఒకే కొలతలోకి, అంటే నిమిషాల్లోకి మార్చాకే కలపగలిగామని చెప్పి, అప్పుడు క.సా.గు. మాట ఎత్తాను.

ఇక శాతం. పుస్తకంలో ఇది వేరే పాఠం కాబట్టి పిల్లలు ఇదేదో కొత్త వస్తువు అనుకుంటారు. మా చీటీ మీద ఉన్న 6.4 దశాంశమూ, శాతమూ కూడా. వంద కిలోల పాలలో 6.4 కిలోల వెన్న. మేం పోసేది మూడు లీటర్లు. లీటరుని కిలో లెక్కన చూసుకుంటే మా పాలలో ఉన్నది సుమారు 192 గ్రాములు. ఆ మూడు లీటర్లలో ఒక లీటరు నీళ్లు కలిస్తే ఎంతవుతుందని బాబాయ్ ఒకసారి నన్ను అడిగాడు. వెన్న అదే 192 గ్రాములు, కానీ ఇప్పుడు నాలుగు లీటర్లలో ఉంది. 6.4 కాస్తా 4.8 అయింది. శాతం పడిపోయింది, వెన్న ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. శాతం కనబడగానే "దేనిలో?" అని అడగడం నాకు ఆ రోజు నుంచి అలవాటైంది. మీ పాపకి మీరు ఒక్కటే నేర్పగలిగితే ఈ ప్రశ్న నేర్పండి. వంద రూపాయల గౌను 20 శాతం పెంచి, తర్వాత 20 శాతం తగ్గిస్తే మళ్లీ వంద రాదు, 96 వస్తుంది. పెంచింది వందలో, తగ్గించింది నూట ఇరవైలో.

ఇదే ప్రశ్న నాకు ఏడో తరగతిలో ఇంకో రకంగా ఎదురైంది. నాన్న గేదె కోసం ఊళ్లో పదివేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. బ్యాంకులో పన్నెండు శాతం అని విని, పన్నెండు కంటే రెండే నయం కదా అన్నాను. ఊళ్లో రెండు రూపాయలంటే నూటికి నెలకి రెండు అని నాన్న కూర్చోబెట్టి చెప్పారు. నెలకి 200, ఏడాదికి 2,400, అంటే 24 శాతం. శాతం అనే మాటకి మన "నూటికి" కన్నా మంచి అర్థం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

భిన్నం, దశాంశం, శాతం మూడూ ఒకటేనని చూపించడానికి మా నానమ్మ అణాలు బాగా పనికొచ్చాయి. రూపాయికి పదహారు అణాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయా పైసలు చేశారు. అప్పుడు అణా అంటే 6.25 పైసలు. అంటే పదహారింట ఒక వంతు, 0.0625, 6.25 శాతం, మూడూ ఆ ఒక్క అణాయే. వీసం అన్నా అదే. నాలుగు అణాలు పావలా, 25 పైసలు. పదహారణాల తెలుగు అంటే నూటికి నూరు శాతం అని చెప్పినప్పుడు మా అబ్బాయి మొహం వెలిగిపోయింది. కిరాణా కొట్లో అయితే ఇంకా సులువు. పావుకిలో శనగపప్పు అడగమనండి, కాటా మీద 0.250 చూడమనండి. నోటితో భిన్నం, కంటితో దశాంశం. కిలోలో అదెంత శాతమో దారిలో అడగండి.

క్రికెట్ చూసే పిల్లయితే ఒక జాగ్రత్త. 4.3 ఓవర్లు దశాంశం కాదు. ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి అది నాలుగున్నర ఓవర్లు. 36 పరుగులు చేస్తే రన్ రేటు 36ని 4.5తో భాగించాలి, 8 వస్తుంది. 4.5 తర్వాత 4.6 రాకుండా 5 ఎందుకొస్తుందో పాప చెప్పగలిగితే, దశాంశాల్లో 4.9 తర్వాత 5 రావడం కూడా గట్టిగా పట్టుకుంటుంది.

ట్యూషన్ పెట్టించాలా అని కూడా అడిగారు. ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. ట్యూషన్‌లో ఇంకో నలభై లెక్కలు చేయిస్తారు, జవాబులు సరిగ్గా వస్తాయి, 0.35 పెద్దదనే అనుమానం లోపల అలాగే ఉండిపోతుంది. రెండు నెలలు రోజుకి పావుగంట స్కేలు, గళ్ల కాగితం, గడియారం, కాటాలతో గడపండి. ముందు భిన్నాలు, అవి కుదిరాక దశాంశాలు, శాతాలు చివర్లో. అప్పటికీ భయం పోకపోతే పాప చేసిన ఒక పేజీ లెక్కలు ఇక్కడ రాయండి. తప్పులు దిద్దకుండా పెట్టండి, ఎక్కడ ఆగిందో వాటిలోనే తెలుస్తుంది.